పంక్‌కి నేను రాసిన సిలబస్

గుంటూరులో గిటారు నేర్పి బతకాలనుకునే వాళ్ళు ఏడాదికి ఇద్దరో ముగ్గురో ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. క్లాసు ఏ పేటలో పెట్టాలి, ఏ రకం గిటార్లు కొనాలి, ఆన్‌లైన్‌లో నేర్పితే పిల్లలు నిలుస్తారా అని అడుగుతారు. ఆ సంగతులు నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. ఇరవయ్యేళ్ళు ఆర్కెస్ట్రాలో వాయించాను, ఆ తర్వాత పాతికేళ్ళు నేర్పాను, క్లాసు మూసేసి రెండేళ్ళయింది. నేను బాగా చేసిన పనులు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. చేసిన తప్పు ఒకటుంది, అదైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను. వస్తుందన్న నమ్మకం పెద్దగా లేదు.

మిగిలిన మూడు తీగలు

గిటారు నేను మా చర్చిలో నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్ళకి సుబ్బారావు గారి ఆర్కెస్ట్రాలో చేరాను. ఆయన హార్మోనియం వాయించేవారు, తిట్టేవారు, భోజనం మాత్రం అందరూ తిన్నాకే తినేవారు. పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, గుడి అన్నదానాలు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి వ్యానెక్కి పోయేవాళ్ళం.

ఒకసారి సింగరాయకొండ అవతల ఒక ఊళ్ళో అన్నదానం. మిట్టమధ్యాహ్నం, ట్రాక్టరు ట్రక్కే మాకు స్టేజీ. నేను పాట మధ్యలో వచ్చే గిటారు బిట్లు పొడుగ్గా, మెలికలు తిప్పి వాయించేవాణ్ణి. నా వేళ్ళంటే నాకు మహా ముద్దు. ఆ రోజు ఎండకీ చెమటకీ తుప్పు పట్టిన సన్న తీగలు మూడూ ఒకదాని వెనక ఒకటి టపటపా తెగిపోయాయి. నేను ఆపేసి సుబ్బారావు గారి వైపు చూశాను.

"ఆపావంటే చంపేస్తా. ఉన్నవాటి మీదే కొట్టు!" అని అరిచారాయన.

మిగిలిన లావు తీగలు మూడింటి మీద ఊరికే బాదాను. మెలికలు లేవు, బిట్లు లేవు. సిగ్గుతో తలెత్తలేదు. తలెత్తేసరికి బంతిలో కూర్చున్నవాళ్ళు ఎంగిలి చేతుల్తోనే లేచి ఊగుతున్నారు. వంటపొయ్యి దగ్గరివాళ్ళు గరిటెలు పట్టుకుని వచ్చేశారు.

వ్యానులో సుబ్బారావు గారు అన్నారు: "ఒరేయ్ అబ్బాయ్, రోజూ నీ తీగలు నేనే తెంపాలిరా. ఇన్నాళ్ళూ నీ గిటారు నువ్వొక్కడివే విన్నావు. ఇవాళ చివర నుంచున్నోళ్ళు కూడా విన్నారు."

నాకు అవమానంగా అనిపించింది. మర్నాడే కొత్త తీగలు వేయించుకుని మళ్ళీ మెలికల్లో పడ్డాను.

క్యాసెట్టు

తర్వాత రెండు మూడేళ్ళకి, ఎనభైల మధ్యలో, మెడికల్ కాలేజీలో చదివే ఒక కుర్రాడు ఒక క్యాసెట్టు తెచ్చాడు. ఇంగ్లండులో ఉన్న వాళ్ళ చిన్నాన్న కొడుకు రికార్డు చేసి పంపాడట. "అన్నా, ఇది సంగీతమేనా? నువ్వు చెప్పు" అన్నాడు.

విని పగలబడి నవ్వాను. రెండు నిమిషాలకో పాట అయిపోతోంది. పాడేవాడు పాడటం లేదు, ఎవరితోనో తగువు పెట్టుకుంటున్నాడు. గిటారు శ్రుతిలో ఉందో లేదో వాళ్ళకే తెలియాలి. నాలుగో పాట దగ్గర నా నవ్వు ఆగిపోయింది. ఆ బాదుడు నాకు తెలుసు. తీగలు తెగిన రోజు నేను బాదిందే అది. దాని పేరు పంక్ అనీ, కొన్నేళ్ళ కిందటే లండన్‌లో పుట్టిందనీ ఆ కుర్రాడు చెప్పాడు. క్యాసెట్టు తిరిగివ్వలేదు నేను.

ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది అన్న ప్రశ్న నన్ను ముప్పై ఏళ్ళు వదల్లేదు. మద్రాసు ఫుట్‌పాత్‌ల మీద పాత పత్రికలు ఏరుకున్నాను. తర్వాత ఇంటర్నెట్ వచ్చింది, కళ్ళు పోయేట్టు చదివాను. ఆ లండన్ పిల్లలు తమకు ముందు ఎవరూ లేరనీ, అంతా తమతోనే మొదలనీ చెప్పుకున్నారు. అది సగం కోపం, సగం గొప్ప. నిజానికి వాళ్ళకి తాతలు చాలామంది ఉన్నారు.

యాభైల్లో ఇంగ్లండులో స్కిఫిల్ అని ఒక పిచ్చి పట్టింది. బట్టలుతికే గరుకు రేకు, టీపొడి వచ్చే చెక్కపెట్టెకి కర్ర, తాడు కట్టి చేసిన, మంద్రంగా మోగే బేస్, ఒక చవక గిటారు. వీటితో బ్లూస్ లాంటి అమెరికా నల్లజాతివాళ్ళ పాత పాటల్ని ఎవడు పడితే వాడు వాయించొచ్చు. అరవైల్లో అమెరికాలో కార్ల షెడ్లలో చేరిన కుర్రాళ్ళు రెండు మూడు కార్డులతో, అంటే తీగలు కలిపి నొక్కే రెండు మూడు పట్లతోనే, స్పీకర్లు చిరిగేట్టు మోగించారు. కార్ల ఫ్యాక్టరీలున్న డెట్రాయిట్‌లో అది ఇంకా మోటుదేరింది. డెబ్బైల మొదట్లో లండన్‌లో మొహానికి రంగూ, మెరుపు బట్టలూ, నేల అదిరే డ్రమ్ములతో గ్లామ్ వచ్చింది. అదే రోజుల్లో చిన్న చిన్న పబ్బుల్లో కొన్ని బ్యాండ్లు పాత రిథమ్ అండ్ బ్లూస్‌ని రెట్టింపు వేగంతో లాగించేవి. తర్వాత పంక్ అనిపించుకున్న వాళ్ళలో కొందరు ఆ పబ్బుల్లో చెయ్యి తిరిగినవాళ్ళే. న్యూయార్క్ నుంచి పొట్టి పాటలవాళ్ళు వచ్చి వాయించి వెళ్ళారు. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబాల రెగె సంగీతం పక్క వీధిలోనే మోగేది. పంక్ కొత్తలో క్లబ్బుల్లో వెయ్యడానికి సరిపడా పంక్ రికార్డులే లేవు, అందుకని మధ్యలో రెగె వేసేవారు. దాన్ని వినీ వినీ కొందరి డ్రమ్ము దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ వదలడం నేర్చుకుంది, బేస్ ముందుకొచ్చింది. వీటన్నిటి మీదా ఫుట్‌బాల్ మైదానంలో జనం గుంపుగా అరిచే అరుపు.

ఇందులో నేను తెలుసుకున్నది ఏదీ తప్పు కాదు. దాన్ని ఏం చేశానన్నదే తప్పు.

మా ఊరి రోగం

రికార్డు చేసిన ట్రాకులూ డీజేలూ వచ్చి ఆర్కెస్ట్రా చచ్చిపోయాక నేను మాస్టారునయ్యాను. చివరి కొన్నేళ్ళు నల్లపాడు అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో వారానికి మూడు సాయంత్రాలు మ్యూజిక్ క్లబ్బు చూసేవాణ్ణి. అక్కడి పిల్లలు పంక్ బ్యాండ్ల బొమ్మలున్న టీషర్టులు వేసుకుని తిరిగేవాళ్ళు. బొమ్మ ఎవరిదని అడిగితే తెలియదు. నా ముప్పై ఏళ్ళ చదువుకి ఇన్నాళ్ళకి పని దొరికిందని పొంగిపోయాను.

గుంటూరువాళ్ళం మేము. మా దగ్గర ఏదీ ఊరికే మొదలవదు. ఆరో తరగతి పిల్లాడికి ఐఐటీ ఫౌండేషన్, దానికి స్పైరల్ బైండింగు మెటీరియల్, వారం వారం పరీక్ష, నోటీసు బోర్డు మీద ర్యాంకులు. ఆ గాలి నేనూ పీల్చాను. పంక్‌కి పన్నెండు వారాల ఫౌండేషన్ కోర్సు తయారుచేశాను. మొదటి రెండు వారాలు బ్లూస్, మూడో వారం స్కిఫిల్, నాలుగూ అయిదూ షెడ్ల బ్యాండ్లు, ఇలా రెగె దాకా. అన్నీ పాసైతే పన్నెండో వారం సొంత పాట. మెటీరియల్ జెరాక్స్ తీయించి పంచాను. శనివారం శనివారం పరీక్ష పెట్టి ర్యాంకులు తలుపుకి అంటించాను. ఫోన్లు చూసి కాపీ కొడతారని బయట బుట్టలో వేయించేవాణ్ణి.

మూడు కార్డులు తెలిస్తే చాలు బ్యాండ్ పెట్టెయ్ అని పుట్టిన సంగీతానికి నేను ఎంట్రెన్సు పరీక్ష పెట్టాను. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. అప్పుడు ఒక్కరోజు కూడా రాలేదు.

పీకేయ్

కోటేశ్వరిది దర్శి దగ్గర పల్లె. సన్నగా ఉండేది, గొంతు మాత్రం మూడు చేల అవతలికి వినిపిస్తుంది. మొదటి రోజే లేచి, "సార్, నా దగ్గర పాటుంది. పాడనా?" అంది. పాడమన్నాను. పక్కన మస్తాన్ అని ఒక కుర్రాడున్నాడు, ఆమె క్లాస్‌మేటే. పీర్ల పండగకి వాళ్ళ నాన్న మెడలో వేసుకుని వాయించే తాషా తెచ్చుకున్నాడు. పుల్లలతో దాని మీద చిటపటా మొదలెట్టాడు. గిటారు మీద ఆ అమ్మాయికి తెలిసినవి రెండే కార్డులు.

"పూతొచ్చింది" అని ఆమె అరిచింది. "పీకేయ్" అని మస్తాన్.

"పూతలో పురుగొచ్చింది." "పీకేయ్."

"మందు కొట్టాం." "పీకేయ్."

"మందూ పోయింది, మొక్కా పోయింది." "పీకేయ్."

ఇంకా ఉంది. మాటలు ఇంతవరకే గుర్తున్నాయి నాకు, వరస అసలు గుర్తులేదు. తలుపు దగ్గర పోతున్న వాళ్ళు ఆగి మూడోసారికి వాళ్ళూ "పీకేయ్" అన్నారు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఎక్కడిదని అడిగాను. నల్లతామర పురుగు వచ్చిన ఏడాది అట. మిరప పూతలో దూరి మొత్తం తినేసింది. ఇంటిల్లిపాదీ దిగి చేను పీకేశారు. వాళ్ళ నాన్న వెంకటేశ్వర్లు గట్టు మీద నుంచుని సాలు సాలుకీ పీకేయ్, పీకేయ్ అని అరిచాడట.

"అదే ఆఖరు సార్. ఆ రోజు నుంచీ మా నాన్న చేను సంగతి ఎత్తడు. ఎవరన్నా ఎత్తితే లేచి పోతాడు. అమ్మ అన్నీ చేసి చూసింది. ఈ పాట కాలేజీ ఫెస్ట్‌లో పాడతాను, నాన్నని పిలుస్తాను. ఆయన అరుపు ఆయనకే వినిపిస్తే తిట్టటానికైనా నోరు తెరుస్తాడు."

ఆ అమ్మాయికి ఏం కావాలో అంత తేటగా చెప్పింది. నేను విన్నాను కూడా. విని, "బాగుందమ్మా, కానీ ముందు ఫౌండేషన్ పూర్తి చెయ్యి. ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకుండా పాడితే అరుపవుతుంది, పంక్ అవదు" అన్నాను.

"మరి ఇదీ అరుపే కద్సార్" అంది.

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు.

పన్నెండు వారాలూ వచ్చింది. బ్లూస్ పరీక్షలో ఆఖరి ర్యాంకు, స్కిఫిల్‌లోనూ ఆఖరే. ప్రతి శనివారం తలుపు మీద తన పేరు కింద నుంచి వెతుక్కునేది. పన్నెండో వారానికి ఆమె గొంతు బాగుపడిందని నేను సంతోషించాను. అరవడం మానేసింది.

అప్పుడు పాటని చేతిలోకి తీసుకున్నాను. మస్తాన్‌తో, "ఆ తాషా పక్కన పెట్టు నాన్నా, మనం చదివినవాటిలో అది లేదు" అని డ్రమ్ సెట్ ముందు కూర్చోబెట్టి రెగె దెబ్బ నేర్పాను. లండన్ పిల్లలు రెగె నుంచి తీసుకున్నారు కదా, మనం తీసుకోకపోతే ఎలా? మధ్యలో షెడ్ల బ్యాండ్ల తరహాలో ఒక బిట్టు పెట్టాను, చివర గ్లామ్ డ్రమ్ములు. పీకేయ్ అనే మాట స్టేజీ మీద మోటుగా ఉంటుందనిపించింది. ప్రిన్సిపాల్ గారు ముందు వరసలో కూర్చుంటారాయె. దాన్ని కూడా దిద్దాను. "పూచిన పూవే పురుగై మారె, పెరికిన నాన్నకు కన్నీరు కారె." ప్రాస బాగా కుదిరిందని రెండు రోజులు గర్వపడ్డాను. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టి ఇచ్చాను.

కోటేశ్వరి కాయితం చదువుకుంది. "ఇది మా నాన్నకి తెలుస్తుందా సార్?" అని అడిగింది.

"తెలియకపోవడమేంటమ్మా? ఇప్పుడే కదా ఇది పాటయింది" అన్నాను.

మూడు గంటల ప్రోగ్రాం

ఫెస్ట్ రోజు మధ్యాహ్నం మూడింటికి మా వంతు. వెంకటేశ్వర్లు దర్శి నుంచి బస్సెక్కి వచ్చాడు. మడతలు తెలిసేట్టున్న తెల్లచొక్కా, చేతిలో కూతురికి తెచ్చిన జంతికల సంచి. మూడో వరసలో చివరి కుర్చీలో కూర్చున్నాడు. నేను మైకు తీసుకుని బ్రిటిష్ పంక్ మూలాల మీద ఇరవై నిమిషాలు మాట్లాడాను. పిల్లలు ఒక్కో మూలానికీ ఒక్కో ముక్క వాయించి చూపించారు. చివర కోటేశ్వరి పాట.

ఎక్కడా తప్పు పోలేదు. మస్తాన్ దెబ్బ గడియారం లాగా పడింది. అమ్మాయి శ్రుతి దాటలేదు. ప్రిన్సిపాల్ గారు చప్పట్లు కొట్టారు, ఆయన కొట్టారు కాబట్టి అందరూ కొట్టారు. జనంలో ఎవరూ లేవలేదు, ఎవరూ గొంతు కలపలేదు. ఆ కలిపే మాటని నేనే తీసేశాను గదా.

దిగి వచ్చాం. వెంకటేశ్వర్లు నాకు నమస్కారం పెట్టాడు.

"బాగుందండి మాస్టారూ. సినిమాలో లాగుంది" అన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "అవునే కోటీ, మన మీద పాట కట్టానన్నావు. అదెప్పుడు పాడతావు? నాలుగున్నర బస్సు దాటితే మళ్ళీ ఆలస్యమవుద్ది."

"పాడేశాను నాన్నా" అంది.

"ఏదీ?"

"ఆఖర్న పాడాను కదా. అదే."

ఆయన స్టేజీ వైపు తిరిగి చూశాడు. "ఓహో, అదా. మైకుల గోలలో సరిగా వినపళ్ళేదమ్మా" అన్నాడు. అబద్ధం. మా కాలేజీ మైకులు చాలా మంచివి. కూతురు నొచ్చుకోకూడదని అన్నాడు. జంతికల సంచి ఇచ్చి, బస్సుకి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి కోటేశ్వరి క్లబ్బుకి రాలేదు. మస్తాన్‌ని అడిగితే, "చదువుకోవాలంట సార్" అన్నాడు.

నాకు అర్థమైంది, ఆలస్యంగా

మీరు గిటారు మాస్టార్లు కాబోతున్నారు కాబట్టి దాచకుండా చెబుతాను. ఆ లండన్ పిల్లలు బ్లూస్‌నీ రెగెనీ క్లాసులో నేర్చుకోలేదు. అవి వాళ్ళ చెవుల్లో ముందే ఉన్నాయి. పక్కింటి రెగె, సందు చివర పబ్బు, శనివారం ఫుట్‌బాల్ అరుపు. దొరికిన దాన్ని దొరికినట్టు లాక్కుని వాయించారు. అది ఫలానా చోటిదని తర్వాత నాబోటి వాళ్ళు కూర్చుని రాసుకున్నాం.

కోటేశ్వరి కూడా అదే చేసింది. గట్టు మీద నాన్న అరుపు తీసుకుంది, స్నేహితుడి ఇంటి తాషా తీసుకుంది, చేలో పనివాళ్ళు ఒకరికొకరు బదులిచ్చే తీరు తీసుకుంది. పంక్ ఎలా పుడుతుందని నేను ముప్పై ఏళ్ళు పుస్తకాల్లో వెతికాను. నా కళ్ళముందు పుడితే దానికి ఆఖరి ర్యాంకు వేశాను. ఆ అమ్మాయిని నీ పాట ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్కసారే అడిగాను. అది కూడా జవాబు విని పక్కన పెట్టడానికే.

పోనీ, ఇది చదివి మీరు మారతారా అంటే అనుమానమే. సుబ్బారావు గారు నాకు ఇదే సంగతి ఇరవై అయిదో ఏట చెప్పారు, తిట్టి మరీ చెప్పారు. నాకు ఎక్కలేదు. సంగీతం నేర్పే వాడికి దిద్దే చెయ్యి ఊరుకోదు. మీరు కూడా దిద్దుతారు. పిల్లలు మీ మీద గౌరవంతో ఊరుకుంటారు.

కోల్డ్ స్టోరేజీలో

పోయిన వేసవిలో ఉండబట్టలేక ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాను. గుంటూరు బయట ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ మీద పనిచేస్తోంది. లోపలికి అడుగుపెడితే మిరప ఘాటుకి నాకు దగ్గు ఆగలేదు. కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. పెద్దమనిషిని చూసినట్టే చూసింది, కోపమేమీ లేదు. కోపం ఉంటే బాగుండేది.

నాన్న ఎలా ఉన్నాడని అడిగాను.

"చేను కౌలుకిచ్చేశాడు సార్. బాగానే ఉన్నాడు. ఆ మాట మాత్రం ఎత్తడు, అంతే."

అప్పుడు నేను వచ్చిన పని చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఆ మొదటి రోజు పాడిన పాట, నేను చెయ్యి పెట్టకముందుది, నాన్న దగ్గర కూర్చుని పాడమన్నాను. స్టేజీ వద్దు, గిటారు కూడా వద్దు. కావాలంటే మస్తాన్‌ని నేనే తీసుకొస్తానన్నాను.

"రికార్డింగ్ లేదు సార్. క్లాసులో ఫోన్లు బుట్టలో ఉండేవి కదా" అంది. అది గుర్తు చెయ్యడానికి అనలేదు, మామూలుగానే అంది. "మస్తాన్ని కూడా అడిగాను ఒకసారి. వాడికీ రావట్లేదు."

"మనసులో ఉంటుందిగా తల్లీ. నీ పాటే. ఒక్కసారి చూడు."

కంప్యూటర్ వైపు నుంచి ఇటు తిరిగింది. కళ్ళు మూసుకుంది. నోరు తెరిచి ఒక క్షణం ఆగింది, తల అడ్డంగా ఊపుకుంది, మళ్ళీ ప్రయత్నించింది. బయట హమాలీలు బస్తాలు దించుతూ ఒకరినొకరు కేకలేసుకుంటున్నారు. ఆ కేకల మీద చిన్నగా పాడింది.

"పూచిన పూవే పురుగై మారె..."

ఆగి, "ఇదే వస్తోంది సార్" అంది. "ముందరది ఎంత లాగినా రావట్లేదు."

ఆపమందామనుకునేలోపే మళ్ళీ అందుకుంది. నేను అడిగానని మర్యాదకి చివరిదాకా పాడింది. నేను ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టిన ప్రతి చోటా ఊపిరి తీసుకుంది. ఎక్కడా ఒక్క తప్పు లేదు.